కర్ట్ వార్నర్ కథలో కిరాణా దుకాణం తర్వాతి పుటలు

ప్రశ్న: మా అక్కావాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. మేనల్లుడు పదో తరగతి, పాఠశాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే ఎత్తుగడ నడిపి బంతి విసిరేవాడు. పెద్దయ్యాక అదే వృత్తి అంటున్నాడు. ఎవరేం చెప్పినా "కర్ట్ వార్నర్ కిరాణా దుకాణంలో సరుకులు సర్దుతూ ఛాంపియన్ అయ్యాడు" అని అడ్డుపడతాడు. అది నిజమేనా? ఆ ఆటగాళ్ళ జీవితం అసలు ఎలా నడుస్తుంది?

జవాబు:

నిజమే, సర్దాడు. తర్వాత అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో రెండుసార్లు ఉత్తమ ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ అతను. కానీ ఆ దుకాణం ముచ్చట కొద్ది కాలానిది, అతని ఆట జీవితం పదహారేళ్ళది. అందరూ దుకాణం దగ్గర మొదలుపెట్టి ట్రోఫీ దగ్గర ఆపేస్తారు. మీ మేనల్లుడికి పనికొచ్చే సంగతులన్నీ వాళ్ళు వదిలేసే భాగంలోనే ఉన్నాయి.

నేను తొంభైల మధ్యలో అయోవా రాష్ట్రంలోని డెమోయిన్‌లో ఒక బీమా సంస్థ కంప్యూటర్ విభాగంలో పనిచేశాను. వార్నర్ ఎవరికీ తెలియని రోజుల్లో అతని ఆట చూసింది అక్కడే. తర్వాత డల్లాస్ పరిసరాలకు మారాను. చాలా ఏళ్ళుగా శుక్రవారం రాత్రుళ్ళు పాఠశాల మ్యాచ్‌లకు చారల చొక్కా వేసుకుని అఫీషియల్‌గా, అంటే తీర్పులిచ్చేవాళ్ళలో ఒకడిగా, నిలబడుతున్నాను. కాబట్టి మీ మేనల్లుడి వయసు పిల్లల్నీ, వాళ్ళ తల్లిదండ్రుల్నీ దగ్గరగా చూస్తూనే ఉంటాను.

ముందు లెక్కలు చూడండి. అమెరికా ఉన్నత పాఠశాలల్లో ఏటా పది లక్షల మందికి పైగా ఈ ఆట ఆడతారు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఉన్నవి 32 జట్లు. సీజన్ మొదలయ్యేనాటికి ఒక్కో జట్టులో మిగిలేది 53 మంది. ప్రాక్టీస్ స్క్వాడ్ పేరుతో మరో 16 మందిని వారాల లెక్కన జీతమిచ్చి అట్టిపెట్టుకుంటారు. అంటే ఈ ఆటను అత్యున్నత స్థాయిలో వృత్తిగా చేసుకున్నవాళ్ళు మొత్తం రెండు వేల పైచిలుకు. వాళ్ళలో క్వార్టర్‌బ్యాక్ స్థానంలో మ్యాచ్ మొదలుపెట్టేది 32 మంది. కళాశాలలో ఆడినవాళ్ళలోనే ఈ లీగ్ దాకా వచ్చేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. వచ్చినవాడు నిలిచేది సగటున మూడేళ్ళ పైచిలుకని ఆటగాళ్ళ సంఘం చెబుతుంది. మూడు సీజన్లు పూర్తి చేస్తేనే పింఛను హక్కు వస్తుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మిగతాది మీకే అర్థమవుతుంది.

ఇక వార్నర్. 1971లో అయోవాలోని బర్లింగ్టన్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. సీడర్ ర్యాపిడ్స్‌లో ఉన్నత పాఠశాల, ఆ తర్వాత సీడర్ ఫాల్స్‌లోని నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయం. అది పెద్ద జట్ల శ్రేణిలోది కాదు, దాని కింది శ్రేణిది. అక్కడ కూడా ఏళ్ళ తరబడి మూడో క్వార్టర్‌బ్యాక్‌గా బల్ల మీద కూర్చున్నాడు. 1993లో, చదువు ముగిసే ఏడాది, మొదటిసారి జట్టు అతని చేతికి వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే తమ కాన్ఫరెన్సులో, అంటే తమలో తాము పోటీపడే కళాశాలల బృందంలో, ఉత్తమ అటాకింగ్ ఆటగాడిగా నిలిచాడు.

సరిగ్గా అప్పుడే తలుపులు ఇరుకయ్యాయి. లీగ్ జట్లు కళాశాల ఆటగాళ్ళను వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1992 దాకా 12 రౌండ్లు ఉండేవి. 1993లో ఎనిమిది, 1994 నుంచి ఏడు. వార్నర్ వచ్చింది 1994లో. ఎవరూ ఎంచుకోలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ శిక్షణ శిబిరానికి పిలిస్తే వెళ్ళాడు. అక్కడ అతనికన్నా ముందు బ్రెట్ ఫార్వ్, మార్క్ బ్రునెల్, టై డెట్మర్ ఉన్నారు. ఒకసారి కోచ్ స్టీవ్ మారియుచీ అభ్యాసంలో దిగమంటే, ఎత్తుగడలు ఇంకా తలకెక్కలేదని వార్నర్ దిగలేదు. సీజన్ మొదలవకముందే పంపించేశారు. ఈ ఒక్క సంఘటనను మీ మేనల్లుడికి తప్పకుండా చెప్పండి. ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ భుజం కన్నా ముందు పరీక్షకు వచ్చేది అతని జ్ఞాపకశక్తి. లావుపాటి ఎత్తుగడల పుస్తకాన్ని కొద్ది రోజుల్లో బుర్రకెక్కించుకోవాలి. పదకొండు మందిలో ఎవరు ఎటు పరిగెడతారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చదువు మీద ధ్యాస లేని పిల్లవాడు ఈ స్థానంలో నెగ్గుకురావడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత వచ్చేదే ప్రసిద్ధమైన దుకాణం. సీడర్ ఫాల్స్‌లోని హైవీలో రాత్రి పాళీ, గంటకు ఐదున్నర డాలర్లు. పగలు తాను చదివిన విశ్వవిద్యాలయంలోనే జట్టు కోచ్‌లకు సహాయకుడిగా ఉండేవాడు. అప్పటికే బ్రెండాతో పరిచయమైంది. ఆమె మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన స్త్రీ, ఇద్దరు పిల్లల తల్లి. పిల్లల్లో ఒకడు పసితనంలో తలకు తగిలిన దెబ్బతో చూపు దాదాపు పోగొట్టుకున్నాడు. కొంతకాలం అందరూ కలిసి ఆమె తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగలో ఉన్నారు. 1996లో ఆర్కన్సాలో వచ్చిన సుడిగాలి ఆ తల్లిదండ్రులిద్దరినీ బలి తీసుకుంది. దుకాణం కథ చెప్పేవాళ్ళు ఈ ఇంటిని చెప్పరు. అతనికి ఆట మానేయడానికి ఎన్ని కారణాలుండేవో ఆ ఇల్లు చూస్తే తెలుస్తుంది.

1995లో డెమోయిన్‌లో అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే కొత్త జట్టు వచ్చింది. అది అరీనా లీగ్, అంటే పైకప్పు కింద ఆడే ఫుట్‌బాల్. నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది దీని గురించే. మామూలు మైదానం 100 గజాల పొడవు, 53 గజాల పైచిలుకు వెడల్పు. అరీనాలో 50 గజాల పొడవు, 28 గజాల వెడల్పు. జట్టుకు పదకొండు మంది బదులు ఎనిమిది మంది. చుట్టూ మెత్త కట్టిన అడ్డుగోడ, దాన్ని ఆనుకునే మొదటి వరస కుర్చీలు. గోలుకు అటూ ఇటూ పెద్ద వలలు వేలాడుతుంటాయి. వలకు తగిలి వెనక్కొచ్చిన బంతిని పట్టుకున్నా చెల్లుతుంది. వెటరన్స్ ఆడిటోరియంలో మేం కూర్చున్న చోటికి ఆటగాళ్ళు గోడ మీదుగా దొర్లి వచ్చి పడేవాళ్ళు. ఎవరి చేతిలోని కూల్‌డ్రింకు ఎవరి చొక్కా మీద పడిందో తెలిసేది కాదు. ఊళ్ళో వాళ్ళు ఆ హాలును "బార్న్" అనేవారు. చప్పుడు రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చేది. క్వార్టర్‌బ్యాక్ గొంతు పక్కవాడికే వినపడేది కాదు.

అలాంటి చోట బంతి చేతిలో ఉంచుకుని ఆలోచించడానికి వ్యవధి ఉండదు. బంతి అందుకోవాలి, ఒకటి రెండు అడుగులు వెనక్కి వేయాలి, విసిరేయాలి. బంతి పట్టేవాడు ఇంకా తిరగకముందే, అతను తిరగబోయే చోటికి బంతి బయలుదేరిపోవాలి. ఇరుకు సందులో క్రికెట్ ఆడి పెరిగిన పిల్లవాడికి నేరుగా కొట్టడం ఎలా అబ్బుతుందో, వార్నర్‌కు ఈ తొందర అలా అబ్బింది. మూడు సీజన్లలో 183 టచ్‌డౌన్ పాసులు (బంతిని ప్రత్యర్థి గోలు గీత దాటించినవి) వేశాడు. 1996, 1997లలో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళాడు, రెండుసార్లూ ఓడిపోయాడు. తర్వాత సెయింట్ లూయిస్‌లో ప్రపంచమంతా నోరెళ్ళబెట్టి చూసిన ఆ మెరుపు విడుపు దేవుడిచ్చిన వరమేమీ కాదు. డెమోయిన్‌లో మ్యాచ్ లెక్కన కూలి తీసుకుంటూ సంపాదించుకున్న పని అది. పెద్ద లీగ్ ప్రతినిధులు మాత్రం అరీనా అంకెలను సర్కస్ లెక్కల కింద కొట్టిపారేసేవారు.

1997లో షికాగో బేర్స్ అతన్ని పరీక్షించి చూస్తామన్నారు. అదే సమయంలో బ్రెండాతో పెళ్ళి, విహారయాత్ర. అక్కడ సాలీడు కుట్టి బంతి విసిరే చేతి మోచెయ్యి వాచిపోయింది, పరీక్షకు వెళ్ళలేకపోయాడు. ఆ ఏడాది చివర్లో సెయింట్ లూయిస్ ర్యామ్స్ సంతకం చేయించుకుని, 1998 వసంతంలో ఆమ్‌స్టర్‌డామ్ పంపింది. అప్పట్లో లీగ్‌కు ఐరోపాలో ఒక శాఖ ఉండేది. అక్కడ పాసులతో జట్టును ముందుకు నడిపిన గజాల్లోనూ టచ్‌డౌన్లలోనూ వార్నరే మొదటివాడు. అతని వెనక బల్ల మీద కూర్చున్నది జేక్ డెలోమ్. తర్వాత అతనూ కరొలైనా జట్టును సూపర్ బౌల్ దాకా, అంటే లీగ్ ఫైనల్ దాకా, తీసుకెళ్ళాడు. ఒకే ఊళ్ళో, ఒకే బల్ల దగ్గర, ఎవరికీ అక్కరలేని ఇద్దరు సూపర్ బౌల్ క్వార్టర్‌బ్యాక్‌లు! పైవాళ్ళ ఎంపిక ఎంత గుడ్డిగా సాగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

1998 సీజన్‌లో ర్యామ్స్ మూడో క్వార్టర్‌బ్యాక్‌గా చివరి మ్యాచ్‌లో కాసేపు దిగి 11 పాసుల్లో నాలుగు పూర్తి చేశాడు. 1999లో క్లీవ్‌లాండ్ జట్టు కొత్తగా తిరిగి వచ్చినప్పుడు ఇతర జట్లు తమకు అక్కర్లేదనుకున్న కొందరి పేర్లు ఇచ్చాయి. ర్యామ్స్ ఇచ్చిన పేర్లలో వార్నర్ ఒకడు. క్లీవ్‌లాండ్ అతన్ని తీసుకోలేదు. తీసుకుని ఉంటే, అనుభవం లేని ఆ కొత్త జట్టులో దెబ్బలు తిని కనుమరుగయ్యేవాడనే నా అనుమానం.

ర్యామ్స్ అంతకుముందు ఏడాది 16 మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచింది. ట్రెంట్ గ్రీన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను నాలుగేళ్ళకు కోటి 65 లక్షల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకున్నారు. ఆగస్టులో సన్నాహక మ్యాచ్‌లో శాన్‌డియేగో ఆటగాడు రాడ్నీ హారిసన్ మోకాలి దగ్గర ఢీకొట్టాడు. గ్రీన్ మోకాలి లిగమెంటు తెగింది, సీజన్ ముగిసింది. కోచ్ డిక్ వెర్మీల్ విలేఖరుల ముందు కన్నీళ్ళు పెట్టుకుంటూనే, వార్నర్ వెనక నిలబడి మంచి ఆటే ఆడతామని చెప్పాడు. నమ్మినవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత జరిగింది మీ మేనల్లుడికి కంఠతా వచ్చే ఉంటుంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. తొలి మూడు మ్యాచ్‌ల్లోనూ మూడేసి టచ్‌డౌన్ పాసులు వేశాడు. నాలుగో దానిలో ఐదు, అదీ వరుసగా 17 సార్లు తమను ఓడించిన శాన్ ఫ్రాన్సిస్కో మీద. సీజన్ మొత్తం 4,353 గజాలు, 41 టచ్‌డౌన్లు, లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి. ఒకటి మాత్రం కలపాలి. అతని చుట్టూ మార్షల్ ఫాల్క్, ఐజక్ బ్రూస్, టోరీ హోల్ట్, ముందు గోడలా ఓర్లాండో పేస్ ఉన్నారు. వ్యూహం మైక్ మార్ట్జ్‌ది. భారతీయ మూలాలున్న, కెనడాలో పెరిగిన బాబీ సింగ్ కూడా ఆ జట్టు ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉండి ఛాంపియన్ ఉంగరం అందుకున్నాడు. ఒంటరి వీరుడి కథగా చెప్పేవాళ్ళు ఈ పేర్లు మింగేస్తారు.

2000 జనవరి 30న అట్లాంటాలో సూపర్ బౌల్. 16–0 ఆధిక్యం కరిగిపోయి, టెనెసీ 16–16కు తెచ్చింది. రెండు నిమిషాల పైచిలుకు మిగిలి ఉంది. వార్నర్ కుడివైపు బ్రూస్‌కు పొడుగు బంతి వేశాడు. విడుస్తుండగానే జెవాన్ కర్స్ మీద పడటంతో అనుకున్నంత దూరం వెళ్ళలేదు. పరుగులో ఉన్న బ్రూస్ వేగం తగ్గించి, వెనక్కి సర్దుకుని అందుకున్నాడు. కాపలా ఉన్నవాడు ఆ సర్దుబాటు గమనించేలోపే ముందుకు దూకేశాడు. 73 గజాల టచ్‌డౌన్. అది అందమైన పాస్ కాదు. కానీ మీద పడబోయేవాణ్ణి చూస్తూ కూడా బంతిని అర సెకను ముందు విడిచే అలవాటు లేకపోతే అది పాసే అయ్యేది కాదు. చివరి ఆటలో టెనెసీ ఆటగాడు కెవిన్ డైసన్‌ను మైక్ జోన్స్ గోలు గీతకు గజం దూరంలో పడగొట్టాడు. 23–16. వార్నర్ 414 గజాలు అప్పటి రికార్డు.

ఇక డబ్బు. ఆ ఏడాది అతని జీతం సుమారు రెండున్నర లక్షల డాలర్లు, అంటే లీగ్‌లో కనీస స్థాయి. (ఇప్పుడు ఆ కనీసం బాగా పెరిగింది. 2025లో కొత్త ఆటగాడికి ఏడాదికి 8 లక్షల 40 వేల డాలర్లు.) 2000 వేసవిలో ఏడేళ్ళకు సుమారు 4 కోట్ల 70 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. ఇలాంటి అంకె కనపడగానే మనవాళ్ళు రూపాయల్లోకి మార్చేసి కళ్ళు తేలేస్తారు. కొంచెం ఆగండి. ఈ లీగ్‌లో ఒప్పందం మీద రాసిన మొత్తం వేరు, ఖాయంగా చేతికొచ్చేది వేరు. సంతకం నాడు ఇచ్చే బోనస్ మాత్రం ఆటగాడిదే. తర్వాతి ఏళ్ళ జీతంలో పూచీ రాసిన భాగం పోను, మిగిలింది జట్టులో ఉంటేనే వస్తుంది. జట్టు ఎప్పుడైనా పొమ్మనవచ్చు. ఆటగాడు మాత్రం తన ఇష్టానికి వెళ్ళిపోలేడు. 1994 నుంచి ప్రతి జట్టుకూ వేతన పరిమితి ఉంది కాబట్టి, వయసు మీరిన ఖరీదైన ఆటగాడు లెక్కల పుస్తకంలో ముందుగా కొట్టేసే పద్దు అవుతాడు.

వార్నర్‌కు సరిగ్గా అదే జరిగింది. 2001లో మళ్ళీ లీగ్ ఉత్తమ ఆటగాడు. సూపర్ బౌల్‌లో మాత్రం టామ్ బ్రేడీ అనే కుర్రవాడి జట్టు చేతిలో 20–17తో ఓటమి. 2002లో అతను మొదలుపెట్టిన ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయాడు. మూడు టచ్‌డౌన్లు, పదకొండు ఇంటర్‌సెప్షన్లు, అంటే ప్రత్యర్థుల చేతికి చిక్కిన పాసులు. విసిరే చేతి వేలు విరిగింది. బదులుగా వచ్చిన మార్క్ బల్జర్ గెలుస్తూ పోయాడు. 2003 తొలి మ్యాచ్‌లో న్యూయార్క్ జెయింట్స్ మీద వార్నర్ ఆరుసార్లు బంతి జారవిడిచాడు. తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత బల్లే గతి. గ్రీన్ దెబ్బతింటే వార్నర్‌కు దక్కిన స్థానం, వార్నర్ దెబ్బతింటే బల్జర్‌కు దక్కింది. ఈ ఆటలో ఖాళీ ఏర్పడేది చాలావరకు ఇలాగే.

2004 జూన్ 1న ర్యామ్స్ అతన్ని విడిచిపెట్టింది. ఆ తేదీ ఎంపిక కూడా లెక్కల పనే. ముందే ఇచ్చిన బోనస్‌ను ఒప్పంద సంవత్సరాల మీద పరచి ఖాతాలో రాస్తారు. మధ్యలో తీసేస్తే మిగిలిందంతా ఒకే ఏడాది పరిమితి మీద పడుతుంది. జూన్ 1 దాటితే రెండేళ్ళకు పంచుకోవచ్చు. ఊరికి ట్రోఫీ తెచ్చిన మనిషి కూడా చివరికి ఆ పట్టికలో ఒక గడి.

అప్పటికి 33వ ఏడు నిండబోతోంది. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. జెయింట్స్‌లో చేరాడు. అక్కడ అతని పని అప్పుడే వచ్చిన ఈలై మానింగ్ సిద్ధమయ్యేదాకా కుర్చీ కాయడం. తొమ్మిది మ్యాచ్‌ల్లో ఐదు గెలిచి కూడా నవంబరులో పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. 2005లో అరిజోనా కార్డినల్స్. 2006లో వాళ్ళు మ్యాట్ లైనార్ట్‌ను పదో ఎంపికగా తెచ్చారు. మళ్ళీ అదే పాత్ర, కుర్రవాడికి దారి చూపే పెద్దాయన. నా లెక్కలో అతని జీవితంలో అన్నిటికన్నా కష్టమైన కాలం ఇదే. దుకాణం రోజుల్లో అతనికి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. రెండుసార్లు లీగ్‌లో ఉత్తముడైనవాడు 35 ఏళ్ళ వయసులో అభ్యాసంలో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ వేషం కట్టి తమ జట్టు డిఫెన్స్‌కు బంతులు వేయడం వేరే సంగతి. ఈ కాలంలోనే బంతి మీద పట్టు కోసం రెండు చేతులకూ తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టాడు. క్వార్టర్‌బ్యాక్‌లు విసిరే చేతికి తొడుగు వేయడం అరుదు. కొందరు నవ్వారు. బంతి జారడం తగ్గింది.

2007 అక్టోబరులో లైనార్ట్ కాలర్‌బోన్ (మెడ కింద భుజానికి కలిసే ఎముక) విరిగింది, వార్నర్ దిగాడు. 2008లో కోచ్ కెన్ విజన్‌హంట్ ఇద్దరికీ పోటీ పెట్టి పెద్దాయన్నే ఎంచుకున్నాడు. ఆ సీజన్ 4,583 గజాలు, 30 టచ్‌డౌన్లు. 1947 తర్వాత ఛాంపియన్‌షిప్ ఎరగని జట్టు మొదటిసారి సూపర్ బౌల్‌కు వెళ్ళింది. 2009 ఫిబ్రవరి 1న టాంపాలో పిట్స్‌బర్గ్‌తో ఆడిన ఆ ఫైనల్‌లో, మొదటి సగం చివర గోలు గీత ముందు వార్నర్ వేసిన బంతిని జేమ్స్ హారిసన్ పట్టుకుని అవతలి చివరి దాకా, వంద గజాలు, పరిగెత్తాడు. అయినా లారీ ఫిట్జ్‌జెరాల్డ్ 64 గజాల టచ్‌డౌన్‌తో అరిజోనా 23–20తో ముందుకొచ్చింది. 35 సెకన్లు మిగిలి ఉండగా శాంటోనియో హోమ్స్ మూలలో మునివేళ్ళ మీద నిలబడి పట్టిన బంతితో పిట్స్‌బర్గ్ 27–23తో గెలిచింది.

అఫీషియల్‌గా ఇక్కడ ఒక పక్కమాట. చివరి సెకన్లలో వార్నర్ చేతి నుంచి బంతి జారింది. ఫంబుల్ అన్నారు, అంటే అది పాస్ కాదు, చేజారిన బంతి అని. పైగదిలోని రీప్లే అధికారి చూసి సరేనన్నాడు, ఆట ఆపలేదు. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. కానీ సూపర్ బౌల్ చివరి క్షణాల్లో ఆట ఆపి, రెఫరీ తెర దగ్గరికి వెళ్ళి చూసి ఉంటే ఈ వాదన ఇన్నేళ్ళు నడిచేది కాదు.

2010 జనవరిలో గ్రీన్ బేతో ప్లే‌ఆఫ్ మ్యాచ్ నేను చూసిన గొప్ప ఆటల్లో ఒకటి. 33 పాసుల్లో 29 పూర్తి, ఐదు టచ్‌డౌన్లు. అంటే తప్పిన పాసుల కన్నా టచ్‌డౌన్లే ఎక్కువ. 51–45తో అరిజోనా గెలుపు. అదీ పదహారేళ్ళ కిందట శిబిరం నుంచి పంపించేసిన జట్టు మీద. వారం తిరక్కుండానే న్యూ ఆర్లీన్స్‌లో అతని పాస్‌ను ప్రత్యర్థి పట్టుకున్నాడు. అటు చూస్తూ అడ్డుకోబోతున్న వార్నర్ రొమ్ము మీద బాబీ మెక్రే ఢీకొట్టాడు. వార్నర్ అలాగే వెల్లకిలా పడి కాసేపు లేవలేదు. అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. ఇప్పుడైతే బంతి చేతులు మారాక క్వార్టర్‌బ్యాక్‌ను రక్షణ లేని ఆటగాడిగా లెక్కగడతారు. జనవరి 29న విరమణ ప్రకటించాడు. ఒప్పందంలో ఇంకో ఏడాది, కోటి డాలర్లకు పైగా, మిగిలే ఉంది. వద్దనుకున్నాడు. 38 ఏళ్ళు, 208 టచ్‌డౌన్ పాసులు. 2017లో ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు, అదీ మూడోసారి ఓటింగుకు వెళ్ళాక.

ఆ తర్వాత టీవీ విశ్లేషణ, పాఠశాల పిల్లలకు కోచింగ్. మనకు సంబంధించిన చిన్న ముచ్చట కూడా ఉంది. 2011లో ప్రకటించిన ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో పెట్టుబడి పెట్టినవాళ్ళలో వార్నర్ ఒకడు. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు కూడా ఉండేది. 2012 మ్యాచ్‌లు కొలంబోలో ఆడించారు. హైదరాబాదులో ఎంతమందికి గుర్తుందో మరి.

ఇప్పుడు మీ మేనల్లుడి సంగతి. వార్నర్ ఎక్కిన మెట్లు ఇవాళ అక్కడ లేవు. ఐరోపా శాఖను 2007లో మూసేశారు. అరీనా లీగ్ 2009లో దివాలా తీసి, మళ్ళీ లేచి, 2019లో మళ్ళీ మూతపడింది. వసంతకాలపు చిన్న లీగ్‌లు వస్తూ పోతూ ఉన్నాయి. వాటి మీద లెక్క వేసుకోవద్దు. ఇంకోవైపు కళాశాలలోనే డబ్బు వస్తోంది. 2021 నుంచి విద్యార్థి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకునే హక్కులు అమ్ముకోవచ్చు. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. అయితే అబ్బాయి అమెరికా పౌరుడు కాకుండా, వీసా మీద ఉంటే, ఆ సొమ్ము ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగాలి. విద్యార్థి వీసా మీద పనిచేసి సంపాదించడానికి పరిమితులున్నాయి. మనవాళ్ళ పిల్లల్లో ఎక్కువమంది విషయంలో కోచ్‌లకు ఈ సంగతి తట్టదు.

శరీరం గురించి దాచకుండా చెబుతాను. పిట్స్‌బర్గ్‌కు నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచిపెట్టిన మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు. అతని మెదడును పరీక్షించిన డాక్టర్ బెనెట్ ఒమాలు పదే పదే తగిలిన దెబ్బల జాడలను గుర్తించి 2005లో ప్రచురించారు. మాజీ ఆటగాళ్ళ దావాలో 2013లో లీగ్ 76 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీకి వచ్చింది. తర్వాత ఆ పరిమితి కూడా ఎత్తేశారు. 2012లో వార్నర్ తన కొడుకులు ఈ ఆట ఆడకపోతేనే తనకు ఇష్టమని చెప్పి, తోటి ఆటగాళ్ళ చేత మాటలు పడ్డాడు. తర్వాత అతని కొడుకులు ఇద్దరు కళాశాలలో ఆడారు, అతను అడ్డుపడలేదు. మీ మేనల్లుడు వార్నర్ పేరెత్తినప్పుడు మీరూ ఈ రెండు సంగతులూ కలిపి ఎత్తండి.

నా సలహా అడిగితే, ఆడనివ్వండి. టెక్సాస్ పాఠశాల ఫుట్‌బాల్ కుర్రవాడికి చాలా ఇస్తుంది, అది నేను ప్రతి శుక్రవారం చూస్తున్నదే. వృత్తి అన్న మాట పన్నెండో తరగతి దాకా పక్కన పెట్టండి. అప్పటికి కళాశాల కోచ్‌ల నుంచి స్కాలర్‌షిప్ మాట వచ్చిందా లేదా అన్నదే జవాబు చెబుతుంది. కళాశాల జట్లలో అర్హతకు మార్కులు చూస్తారు కాబట్టి గణితం, ఇంగ్లీషు వదలకూడదు.

మీ అక్కగారు చేయాల్సిన పని మాత్రం ఈ వారమే ఉంది. మ్యాచ్‌లకే కాదు, అభ్యాసాలకు కూడా అర్హత ఉన్న అథ్లెటిక్ ట్రైనర్ మైదానంలో ఉంటారో లేదో పాఠశాలను అడగమనండి. టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే పిల్లవాణ్ణి ఆ రోజు మళ్ళీ దింపకూడదు. వైద్యుడి రాతపూర్వక అనుమతి, తల్లిదండ్రుల సంతకం ఉంటేనే తిరిగి ఆడనివ్వాలి. ముఖ్యమైన మ్యాచ్ ముందు ఆ కాగితం మీద సంతకం కోసం పిల్లవాడే ఎక్కువ ఒత్తిడి పెడతాడు. తలనొప్పి ఉందా అని అడిగితే లేదనే అంటాడు. అందుకే వాణ్ణి అడిగి ఊరుకోకుండా, రాత్రి నిద్ర ఎలా పట్టిందో, వెలుతురు చూస్తే కళ్ళు చిట్లిస్తున్నాడా, హోంవర్కు చేయడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పడుతోందా అని ఆవిడే గమనించుకుని, అప్పుడు ఆ సంతకం పెట్టమనండి.